పాత ఏడాదికి తొడిగిన కోటు

దేశమంతా పాత ఏడాది బొమ్మను అర్ధరాత్రి కాలుస్తుంది. మా సాన్ గస్పార్‌లో మాత్రం డిసెంబరు ముప్పై ఒకటిన పొద్దుగుంకేసరికే దాని పని అయిపోతుంది. ఈ సంస్కరణ తెచ్చినవాడు దోన్ నికనోర్ తబోరా. "హోండురాస్ మొత్తం మీద కొత్త ఏట్లో మొదట కాలు పెట్టేది మనమే" అని చెప్పుకుంటాడు. ఎనిమిదైతే తనకు కళ్లు మూతలు పడతాయన్న సంగతి మాత్రం చెప్పడు.

దోన్ నికనోర్ చదివింది మూడో తరగతి. నాలుగోది బడి కిటికీ అవతల నిలబడి విన్నాడు కనక దాన్నీ తన చదువులోనే కలుపుకుంటాడు. శాంతా బార్బరా పట్నం నుంచి గడియారాన్ని కంచరగాడిద మీద కట్టి తెచ్చి, చర్చి ఎదుట స్తంభం మీద పెట్టించింది ఆయనే. అది వచ్చిన నాటి నుంచీ నాలుగుంబావు చూపిస్తోంది. "తేవడం నా పని. తిరగడం దాని పని" అంటాడు. ఒకప్పుడు దేశాధ్యక్షుడు ఆ దారిన పోతూ ఆగితే, చెయ్యి కలిపిందీ ఈయనే. అధ్యక్షుడు చెయ్యి చాచింది పక్క బుట్టలోని మామిడిపండు కోసమని చూసినవాళ్లు అంటారు. ఏదైతేనేం, ఆనాడు తొడుక్కున్న గోధుమరంగు కోటుకు కుడిచేతి అంచును ఇప్పటికీ ఉతకనివ్వడు.

ఆ ఏడు మా ఊరికి ఊపిరాడలేదు. మార్చిలో మేయర్ ఎనమొరాదో మా వాగు మీద వంతెన ప్రారంభించాడు. అక్టోబరు వానకు అది వాగుతో పాటే వెళ్లిపోయింది. నవంబరు ఎన్నికల్లో, వంతెన కట్టిస్తానని చెప్పి ఎనమొరాదో మళ్లీ గెలిచాడు. బిషప్పుగారు దయచేసి, తన ప్రసంగానికి తానే నిద్రపోయారు. మా ఫుట్‌బాల్ జట్టు చరిత్రలో మొదటి గోల్ కొట్టింది, తన వైపు గోల్‌లోనే.

వీటన్నిటిలోనూ దోన్ నికనోర్ పాత్ర ఉంది. వంతెనకు మొదటి రాయి వేసింది ఆయనే. వంతెన పోయినా ఆ రాయి ఇంకా ఉంది. బిషప్పుగారు కునికిన కుర్చీ ఆయన ఇంటిదే. అంత సుఖమైన కుర్చీ బిషప్పుగారి ఇంట్లోనైనా ఉందా? గోల్ కొట్టినవాడు ఆయన మనవడు. అయితే ఆయన గడియారం కింది బెంచీ మీద కూర్చుని గొంతు సవరించుకోగానే, జనానికి పొయ్యి మీద పెట్టిన గిన్నెలు గుర్తొచ్చేవి. మందుల కొట్టు దోన్ చేమాకైతే పెళ్లాం లేదు, పొయ్యి లేదు. అయినా గిన్నె గుర్తొచ్చేది.

అందుకే ఆయన ఆశంతా జనవరి ఒకటి మీద పెట్టుకున్నాడు. ఆ రోజు పురపాలక సంఘం ఒకరికి 'ఊరి ముద్దుబిడ్డ' బిరుదిస్తుంది. ఆ మాట అధికారికంగా పడిందా, ఇక గిన్నెలు మాడితే మాడనీ, జనం కూర్చుని వినాల్సిందే. గోధుమరంగు కోటు తొడుక్కుని వెళ్లాలని నిర్ణయించుకున్నాడు.

ముప్పై ఒకటో తారీఖు పొద్దున్న చూస్తే కోటు లేదు.

"చోనా! నా కోటేదే?"

ఆయన భార్య దోన్యా చోనా, మొక్కజొన్న పిండితో చేసే నకతమాల్ పొట్లాలకు అరటాకులు తుడుస్తూ తలెత్తలేదు. "నన్నడుగుతావేంటి? కలరా ఉండల కంపు పోవాలని నిన్న నువ్వే గుమ్మం దగ్గర కుర్చీ మీద ఆరేశావుగా."

"గుమ్మం కుర్చీ మీదా?"

"గుమ్మం కుర్చీ మీదే. నిన్న తారీఖెంతో నీ గడియారాన్నడుగు."

ముప్పయ్యో తారీఖున గుమ్మం దగ్గరి కుర్చీ మీద ఏ బట్ట కనబడినా అది పాత ఏడాది బొమ్మకు దానమిచ్చినట్టే. బొమ్మ కట్టే మించా అడక్కుండా పట్టుకుపోతుంది. ఒకసారి పోయిన బట్టను వెనక్కి అడగకూడదు. అడిగితే ఆ ఏటి పీడ ఆ ఇంట్లోనే తిష్ఠ వేస్తుంది. వెనకటి మేయర్ ఒకాయన ప్యాంటు కోసం గోల చేసినప్పుడు ఈ నియమం పెట్టిందెవరో అందరికీ తెలుసు. దోన్ నికనోరే. తన ఘనకార్యాల్లో దాన్ని గడియారం తర్వాత చెబుతాడు.

మధ్యాహ్నానికి నాలుగు వీధుల మూల బొమ్మ కొలువుతీరింది. లోపల ఎండు మొక్కజొన్న చొప్ప, టపాకాయలు. నోట్లో చుట్ట. ఒంటి మీద గోధుమరంగు కోటు. కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది. టోపీలు అల్లే మించా పక్కన నిలబడి, ముక్కుతో మాట్లాడుతూ బొమ్మకు గొంతిస్తోంది.

"రండి, రండి! అధ్యక్షుణ్ణి తాకిన చెయ్యి! అక్టోబరు వాన కురిపించింది కూడా నేనే. వంతెన మురికిగా ఉందని కడిగించాను!"

జనం విరగబడి నవ్వుతూ వరసకట్టి బొమ్మకు చెయ్యి కలుపుతున్నారు. దోన్ నికనోర్ కొట్టు స్తంభం వెనక నక్కి, ఒళ్లు మండిపోతూ చూశాడు. కాసేపటికి ఆ మంటలో మరో సంగతి తట్టింది. ఒక్కరూ ఇంటికి పోవడం లేదు. "గాడిద సంగతి చెప్పు మించా, గాడిద సంగతి!" అని అరుస్తున్నవాడు దోన్ చేమా. ఏ మలుపులో గాడిద మొరాయించిందో కూడా వాడికి తెలుసు.

అంతలో ఎవరో భుజం తట్టారు. మేయర్ ఎనమొరాదో. చంకలో మడతపెట్టిన నీలం కోటు.

"పెద్దాయనా, మీకింత అవమానమా! నేను చూస్తూ ఊరుకోను. మీ కోటు మీరు తీసేసుకోండి. బొమ్మకు నాది తొడిగిద్దాం."

"మీదా? మిమ్మల్ని కాల్చమనా?"

ఎనమొరాదో గొంతు తగ్గించాడు. "ఏటేటా నన్నే కాల్చారు కదయ్యా! ఈసారి కాల్చకపోతే, వీణ్ణి ఊళ్లో ఎవరూ పట్టించుకోవట్లేదని పార్టీలో అనుకోరూ? రేడియోవాళ్లు కూడా వస్తున్నారు. మీ కోటు మీకు, రేపు ముద్దుబిడ్డ బిరుదూ మీకే. మాటిస్తున్నాను."

"వంతెన మాటలాంటిదేనా?"

"ఛ, ఛ, ఇది ఖర్చులేని మాట. తప్పకుండా నిలబెట్టుకుంటా."

దోన్ నికనోర్ జనాన్ని తోసుకుని బొమ్మ దగ్గరికొచ్చాడు. కోటు పై గుండీ మీద చెయ్యి వేశాడు. అప్పుడే మించా బల్ల ఎక్కి పాత ఏడాది వీలునామా అందుకుంది.

"చావబోతున్న నేను, బిషప్పుగారికి ఒక దిండు రాసిస్తున్నాను. మన జట్టుకు గోల్ ఎటుందో చూపించే వేలు. మేయరుగారికి వాగు, ఎన్నిసార్లు ప్రారంభించుకున్నా కొట్టుకుపోదు. ఊరందరికీ నా గడియారం, ఎప్పుడూ మూడుంబావే చూపే..."

"నాలుగుంబావు!"

కేక వేసింది దోన్ నికనోర్.

"నాలుగుంబావమ్మా! తెలియకపోతే దిగు కిందికి!"

"అయితే మీరే రండి, చూద్దాం" అంది మించా, నడుం మీద చేతులేసుకుని.

ఆయన బల్లెక్కాడు. మేయర్ కింద నుంచి నీలం కోటు ఊపుతూ, "పెద్దాయనా, మన మాట!" అన్నాడు. దోన్ నికనోర్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "తీసుకున్న బట్ట వెనక్కి అడగకూడదు. నియమం పెట్టింది నేను" అని, తల మీది టోపీ కూడా తీసి బొమ్మకు పెట్టేశాడు. తర్వాత గాడిదతో మొదలుపెట్టి మొదటి రాయి దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాడు. జనం నవ్వారు, ఈలలు వేశారు, మళ్లీ చెప్పమన్నారు. ఏ గిన్నే ఎవరికీ గుర్తురాలేదు.

పొద్దు గుంకింది. మించా నిప్పంటించింది. కుడిచేతి అంచే ముందుగా అంటుకుంది. దోన్ నికనోర్ తన కుడి చేతిని మెల్లిగా జేబులో పెట్టుకున్నాడు. టపాకాయలు పేలాయి. గోధుమరంగు గుడ్డపేలిక ఒకటి ఎగిరి వెళ్లి నీలం కోటు మీద వాలితే, మేయర్ దాన్ని దులుపుకున్నాడు.

మర్నాడు ముద్దుబిడ్డ బిరుదు మేయర్ మామగారికి దక్కింది. ఆయన మా ఊళ్లో ఉండడు కూడా. నీలం కోటు ఆయన తొడుక్కున్నాడు.

దోన్ నికనోర్ కోటు లేకుండా ఉత్త చొక్కాతో గడియారం కింద కూర్చున్నాడు. దారిన పోతూ మించా పలకరించింది. "ఏం పోయినేడూ, చలేస్తోందా?"

అదే పేరు నిలిచిపోయింది. ఆయనకేం కోపం రాలేదు. "ముద్దుబిడ్డ ఏటికొకడు పుడతాడు" అన్నాడు, పక్కన కూర్చున్న దోన్ చేమాతో. "ఏడాదికి ఏడాదే తానైనవాడు ఈ ఊళ్లో ఎవడయ్యా? మంట ఎంత ఎత్తు లేచిందో చూశావుగా. సరిగ్గా గడియారం ముల్లు దాకా..."

దోన్ చేమా గబగబా లేచాడు. పొయ్యి మీద గిన్నె గుర్తొచ్చింది.