ఎర్రచుక్క వణికింది

బంటింగ్ నుంచి క్లాంగ్ వెళ్లే బస్సులో ఆయన నా పక్కన కూర్చున్నాడు. రిటైరైన పోలీసునని చెప్పాడు. నా ఒళ్లో ఉన్న ఫిర్యాదు ఉత్తరాన్ని నన్ను అడగకుండానే చదివేశాడు. అందుకు నాకు ఇప్పటికీ కోపమే.

కాపలా కంపెనీలో నాది పిస్తోలు పట్టే ఉద్యోగం. ఆ సంవత్సరం పిస్తోళ్లన్నిటికీ చిన్న అద్దం బిగించారు. అందులో కనిపించే ఎర్రచుక్కను గురి బొమ్మ మీద నిలిపి కాల్చాలి. నా చుక్క బొమ్మ దాటి వణికేది. పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పితే ఉద్యోగం మారుస్తామన్నారు. అద్దం చెడ్డదని రాసిన మూడో ఉత్తరం అది.

"ఏటి తమ్ముడూ, అద్దం మార్చి సూసినారా?"

"రెండు మార్చినారన్నా. రెండూ చెడ్డవే."

"పాత పిస్తోలుతోనూ నీ సెయ్యి వణికే ఉంటాది. అప్పుడు నీకు కనపళ్లేదు. చుక్క సూపిస్తంది, అంతేలే."

"నా సెయ్యి మీరు సూసినారేటి?"

ఆయన తన కుడిచెయ్యి చాచాడు. బస్సు సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. అయినా ఆ వేళ్లు వణుకుతున్నాయి.

"నానూ అద్దం మీదే ఫిర్యాదు రాసినాను. ఒకనాడు గుండు పక్కోడి సెవి పక్కనుంచి పోయింది. ఆ పూటే తుపాకీ ఇచ్చేసినాను."

క్లాంగ్‌లో దిగేదాకా నా చెయ్యి ఉత్తరం కిందే దాచుకున్నాను. మర్నాడు పిస్తోలు అప్పగించాను.

ఇప్పుడు గేటు దగ్గర లారీల నంబర్లు రాస్తున్నాను. రాత వంకర పోతోంది, పెన్ను మార్చుకోమంటాడు గుమస్తా. పెన్ను మంచిదేనని చెబుతాను.