ఓడలో కొన్న బొమ్మ

మా బావ నాగేశ్వరయ్యకి పత్తి చూడడం వచ్చు. బస్తాలోంచి గుప్పెడు తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య పింజ లాగి, అది ఏ ధర పలుకుతుందో చెప్పేస్తాడు. రాయచూరు మార్కెట్ యార్డులో, గంజ్ అంటారు దాన్ని, ఆయనకు అడ్తి దుకాణం ఉంది. రైతులు తెచ్చిన సరుకు అమ్మిపెట్టడం పని. ఇప్పుడు ధరలన్నీ కంప్యూటర్లో పడుతున్నాయి కానీ ఆయన నేర్చుకున్నది నోటి వేలం. అందులో ఒకసారి ధర అన్నాక వెనక్కి తీసుకోకూడదు. పైన మంచి సరుకు పెట్టి కింద తడి సరుకు నింపినట్టు తేలితే, నలుగురు పెద్దలు కూర్చుని ధర తెగ్గోస్తారు. ఆ నలుగురిలో బావ ఒకడు. "నాగేశ్వరయ్య చూసిండు" అంటే చాలు, ఇక ఆ బస్తా ఎవరూ విప్పి చూసేవారు కాదు. ఆయనకున్న అసలు ఆస్తి అదేనని నా అభిప్రాయం. ఇల్లూ దుకాణమూ దాని తర్వాతే.

ఈ సంగతి ఆయనకు కాస్త ఎక్కువే తెలుసు. నాది బట్టల వ్యాపారం. నా దుకాణానికి వచ్చి చీర అంచు నలిపి చూసి, "ఎవడు అంటగట్టిండురా నీకు?" అని కొనడానికి వచ్చినవాళ్ళ ముందరే అడిగేవాడు. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను.

రెండేళ్ళ కింద ఒక పురుగుమందుల కంపెనీ తన డీలర్లను సింగపూర్ తీసుకుపోయి నాలుగు రోజులు ఓడలో తిప్పింది. బావకు ఆ కంపెనీ ఏజెన్సీ కూడా ఉంది కనుక మా అక్క వసంతలక్ష్మిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. కవితాళ అనే ఊళ్ళో విత్తనాలు, మందులు అమ్మే అమరేశప్ప కూడా వెళ్ళాడు. అతని దగ్గర విత్తనం కొన్న రైతులు, పత్తి చేతికొచ్చాక అతని మాట మీద బావ దుకాణానికే తోలేవారు. బావను "అన్నా" అని పిలిచేవాడు, నిజంగానే అన్నలా చూసుకునేవాడు. ఓడలో నేను లేను. అక్క చెప్పిందీ బావ చెప్పిందీ రెండూ విని రాస్తున్నాను. తేడా వచ్చిన చోట అక్క మాటే నమ్మాను.

మూడో రోజు మధ్యాహ్నం పెద్ద హాల్లో బొమ్మల వేలం అన్నారు. వచ్చినవాళ్ళకు వైను ఉచితం. బావా అమరేశప్పా తాగరు, నారింజ రసం పుచ్చుకుని ముందు వరసలో కూర్చున్నారు. అక్కకు మోకాళ్ళ నొప్పి. వెనక గోడవారగా ఉన్న సోఫాలో కూర్చుంది. అప్పటికి మూడు రోజులుగా బావకు ఆ ఓడలో తిండి సయించలేదు, భాష తెలియలేదు, ఎటు పోతే ఏముందో అర్థం కాలేదు. వేలం అనేసరికి ప్రాణం లేచొచ్చింది. ఇది మాత్రం తనకు వచ్చిన విద్య అనుకున్నాడు పాపం.

సముద్రం ఒడ్డున తెల్ల ఇళ్ళున్న బొమ్మ ఒకటి తెచ్చి నిలబెట్టారు. కింద మూలన చిత్రకారుడి సంతకం. దాని విలువ ఇంత అని రాసిన కాగితం చూపించి, అందులో మూడోవంతుకే పాట మొదలుపెట్టారు. బొమ్మల గురించి బావకు ఏమీ తెలియదు. ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు. కానీ ఆయన ధర అన్నప్పుడల్లా వెనక నుంచి ఎవరో పెంచుతున్నారు. పోటీకి వచ్చినవాడు ఆ ధర పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడంటే సరుకు అంతకు తగ్గదని గంజ్‌లో నేర్చుకున్న లెక్క. ఆ లెక్కతోనే పెంచాడు, మళ్ళీ పెంచాడు, చివరికి గెలిచాడు. ఎంత పెట్టాడో అక్కకు ఇప్పటికీ సగమే తెలుసు, అందుకని ఇక్కడ రాయను.

అదే బొమ్మ ఇంకొకటి ఉందనీ, స్నేహితుడికి కావాలంటే అదే ధరకు ఇస్తాననీ అన్నాడు వేలం వేసే ఆయన. ఒకే లాటులో పది బస్తాలు ఒకే ధరకు పోవడం వీళ్ళు రోజూ చూసేదే. ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అమరేశప్ప బావ వైపు చూశాడు.

"తీస్కో అమరేశా. రెండేండ్లల్ల రెండింతలైతది" అన్నాడు బావ.

అమరేశప్ప తీసుకున్నాడు. గోడౌను కప్పు మార్పించడానికి దాచుకున్న డబ్బు అది.

గదికి వచ్చాక అక్క చెప్పింది. "వెనక ఎవ్వరు లేరు. నేను ఆడనే కూసున్న గద. ఆయన ఉత్త కుర్చీల దిక్కు చెయ్యి చూపెట్టి ధర పెంచిండు."

"లేని పాట చెప్తడా ఎవడన్న? అట్ల చేస్తే మళ్ల వేలం ఏయనిస్తరా?"

"మనం మళ్ల ఈ ఓడ ఎక్కుతమా? ఇంగ దిగలేదు గద, పోయి మాకొద్దని చెప్పుండ్రి."

"పాడినంక వద్దంటరా? మన డీలర్లంత ఈడనే ఉన్నరు. గంజ్‌ల తెలిస్తే మొకం ఏడ పెట్టుకోవాలె?"

వెళ్ళలేదు. మోసపోయే భయం కన్నా మాట తప్పే భయం ఎక్కువైంది. ఆ భయాన్ని నేను తప్పు పట్టలేను కానీ, అవతలివాడికి అలాంటి భయమేదీ లేదని ఆయనకు తట్టకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

రెండు నెలల తర్వాత బొమ్మలు వచ్చాయి. ఓడలో చూసినదానికి ఫ్రేము ఉంది. వచ్చింది గొట్టంలో చుట్టిన కాగితం. చూపించిన దాన్నే పంపాలని లేదని సంతకం పెట్టిన కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందట. కస్టమ్స్ వాళ్ళకు కట్టింది కాక ఫ్రేముకి వేరే ఖర్చు. బావ దాన్ని దుకాణంలో గల్లాపెట్టె పైన తగిలించి వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

పోయిన ఎండాకాలం ఒక పెళ్ళికి అందరం హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఎంత పలుకుతుందో కనుక్కుందామని దాన్ని వెంట తెచ్చాడు. బొమ్మల గ్యాలరీ నడిపే కుసుమకుమారి అనే ఆవిడ దగ్గరికి ఇద్దరం పోయాం. ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. ఇది మిషన్‌లో అచ్చు వేసినది, సంతకం కూడా అచ్చే. విలువ కాగితం అమ్మినవాళ్ళే రాసుకున్నది. అమ్మకం నడిసముద్రంలో జరిగింది కనుక ఏ ఊరి కోర్టుకు పోవాలో తేల్చుకోవడమే కష్టం. బావ ఒక్కటే అడిగాడు.

"ఇసొంటియి ఎన్ని ఉంటయమ్మా?"

"ఎన్ని కావాలంటే అన్ని ఉంటాయండీ."

కారెక్కాక, అక్కకు తప్ప ఎవరికీ చెప్పొద్దన్నాడు.

"అమరేశప్పకు?" అన్నాను.

"వానికి నేను చెప్త."

చెప్పలేదు. ఊరికి వచ్చాక బొమ్మను మళ్ళీ దుకాణంలో తగిలించలేదు. పది రోజులకు అమరేశప్ప ఏదో పని మీద వచ్చి, గోడ ఖాళీగా ఉండడం చూసి, "బొమ్మ ఏదన్నా?" అని అడిగాడు. "ఎండకు రంగు పోతదని ఇంటికి పంపిన. నువ్వు గూడ పైలంగ పెట్టుకో" అన్నాడు బావ. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధానికి కాదు, ఆ జాగ్రత్త చెప్పినందుకు.

మృగశిర కార్తెలో వానలు దంచికొట్టాయి. అమరేశప్ప గోడౌను కారి విత్తనాల సంచులు తడిశాయని గంజ్‌లో అందరికీ తెలిసింది. ఆ కబురు విన్న రోజు బావ అన్నం కలిపి తినకుండా లేచాడు. అప్పుడైనా కవితాళ పోయి నిజం చెప్తాడని నేనూ అక్కా అనుకున్నాం. ఇవాళ రేపు అంటూ ఇంకో నెల గడిపాడు.

"మీరు పోయి చెప్తరా, నన్ను పొమ్మంటరా?" అంది అక్క చివరికి.

కారు నేనే నడిపాను. దారిలో కల్లూరు దాటాక బావ, "నాగ్గూడ ఇప్పుడే తెలిసింది అంటే ఎట్లుంటది?" అని నన్ను అడిగాడు. వెనక్కి తిప్పమంటావా అన్నాను. వద్దు, పోనీయమన్నాడు.

కవితాళలో అమరేశప్ప ఎప్పటిలాగే ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. గోడౌను మీద నీలం టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టి ఉంది. అతని భార్య తిమ్మమ్మ టీలు ఇచ్చి లోపలికి వెళ్ళింది.

"అమరేశా, ఆ బొమ్మ సంగతి..." అని బావ మొదలుపెట్టాడు.

"తెలుసన్నా" అన్నాడు అమరేశప్ప. "సంచులు తడిసినంక దాన్ని అమ్మి కప్పు ఏయిస్తమని హైదరాబాద్ పోతిమి. మా బిడ్డ మేఘ ఫోన్‌ల చూసి ఒకామె దగ్గరికి తోల్కపోయింది. ఆమె చూడంగనే అచ్చు బొమ్మ అనేసింది. ఎండాకాలంల రాయచూరు పెద్దమనిషి ఒకాయన ఇదే బొమ్మ తెచ్చిండు, ఆయనకు గూడ ఇదే చెప్పిన అన్నది."

బావ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇర్లి, పోనీ అన్నా. కొన్నది నేను. మీరు నా చెయ్యి పట్టుకొని ఎత్తించలేదు, మీరు గూడ పోగొట్టుకుంటిరి. దానికి నాకేం కోపం లేదు." గోడౌను మీది టార్పాలిన్ వైపు చూసి మళ్ళీ అన్నాడు. "ఎండాకాలంలనే చెప్పింటే ఏడనన్న అప్పు తెచ్చి కప్పు ఏయించుకుంటుంటి. బొమ్మ ఉంది గద, అమ్ముకోవచ్చు అనుకొని కూసుంటి."

"మొకం చెల్లలేదు అమరేశా."

"నా దగ్గర గూడనా అన్నా?"

తిమ్మమ్మ రొట్టెలు వడ్డించింది. అమరేశప్ప దగ్గర కూర్చుని కొసరి కొసరి వేయించాడు, బావ తల వంచుకుని అన్నీ తిన్నాడు. ఆ ఇంట్లో మర్యాదకు ఏ లోటూ రాలేదు.

ఈ ఏడు కవితాళ పత్తి బావ దుకాణానికి రాలేదు. గంజ్‌లోనే వేరే అడ్తికి పోయింది. ఎందుకని ఎవరైనా అడిగితే, ఆ దుకాణం గేటుకు దగ్గర, బండ్లకు సుళువు అంటాడట అమరేశప్ప. ఓడ సంగతి గానీ గ్యాలరీ సంగతి గానీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. పెద్దల పంచాయతీకి పిలిస్తే బావ ఒంట్లో బాగాలేదని చెప్పించి ఇంట్లో కూర్చుంటున్నాడు. మొన్న నేను పోయేసరికి దుకాణం మెట్ల మీద కూర్చుని, కవితాళ బండ్లు ముందు నుంచి పోతుంటే చూస్తున్నాడు.

"వాడు ఒక్కసారి వచ్చి నలుగురి ముందర నన్ను తిట్టిపోతే బాగుండురా" అన్నాడు.

తిట్టడని మా ఇద్దరికీ తెలుసు. నేను పక్కన కూర్చున్నాను.