నెలకో సూచన

మా సీసాల ఫ్యాక్టరీలో ప్రతి ఒక్కరూ నెలకో సూచన ఇవ్వాలి. పని రోజురోజుకూ ఇంకాస్త మెరుగుపడాలన్నది యాజమాన్యం పట్టుదల. సూచన కార్డు ఇంగ్లీషులో నింపాలి. రాయలేనివాళ్లు నోటితో చెబితే క్వాలిటీ సూపర్‌వైజరునైన నేను రాసిపెట్టేవాణ్ణి. రాసి రాసి కాస్త పొగరు కూడా తలకెక్కింది.

సీసాల్లో బీటలు చూసే ఆడవాళ్లలో, మేముండే ఉప్పళం పేటలోని మా వీధావిడ ఒకామె ఉండేది. వరసేమీ లేదు, చిన్నప్పటి నుంచీ అత్తా అని పిలిచేవాణ్ణి. సీసాను చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేది. వెంట్రుకంత బీట ఉన్నా ఆమెకు వినబడేది. మూడు నెలలుగా ఆమె కార్డు మాత్రం ఖాళీ. మా విభాగానికి ఒక్క కార్డు తగ్గినా మీటింగులో నాకు తలవంపులు. అందుకే భోజనాల వేళ వెళ్లి పక్కన కూర్చున్నాను.

“ఏదో ఒకటి చెప్పు అత్తా.”

“నాకేం తెలుసు నాయనా, ఏంది చెప్పేది?” అంటూ కాసేపు పెరుగన్నం కలిపింది. “సీసా ఎనకాల నల్లగుడ్డ కట్టి కింద లైటు పెడితే బీట తెల్లగా కనబడతది. చెవి అక్కర్లే. ఎవురైనా చూసేయొచ్చు.”

ఎవరైనా చూసేయొచ్చంటే ఇక ఆమె అక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది. అబద్ధమెందుకు, పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత శుభ్రంగా రాశాను, బొమ్మ కూడా గీశాను.

ఆ నెల ఉత్తమ సూచన ఆమెదే. శాలువా కప్పారు, అందరం చప్పట్లు కొట్టాం. రెండు నెలలకు సీసాలు చూసే ఆరుగురిలో నలుగురిని రావద్దన్నారు. అందులో మొదటి పేరు ఆమెది. కాంట్రాక్టు మనిషి కదా, కారణం కూడా చెప్పలేదు.

ఆ ఆదివారం మా గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు.

“ఇన్నేండ్లు చేస్తిని నాయనా. నా పనిలో యాడ తప్పొచ్చిందో చెప్పు, దిద్దుకుంటా.”

తప్పు ఎక్కడ మొదలైందో తేలేదాకా ‘ఎందుకు’ అని అడుగుతూనే ఉండాలని ఫ్యాక్టరీలో అందరికీ నేర్పేది నేనే. “నీ తప్పేం లేదత్తా” అన్నాను. కార్డు ఊసెత్తలేదు. ఆమె నమ్మలేదు. తప్పు లేనిదే ఎవరైనా ఎందుకు పంపేస్తారని ఆమె ఆలోచన.

ఆ తర్వాత నేను ఆ వీధిలో కనబడితే చాలు, జవాబు తెచ్చానేమోనని లేచి నిలబడేది. సిగ్గేసి దూరంగా మురుంగపాక్కం అనే పేటకు ఇల్లు మార్చాను. అయినా శిక్షణలో ఎవరైనా ‘ఎందుకు’ అంటే నాకు ఆమె గొంతే వినబడుతుంది. భయమేస్తుంది.

ఆమె ఇప్పుడొక మెస్సులో గిన్నెలు తోముతోందని మొన్న అమ్మ చెప్పింది. రోజూ ఇంటికి బయల్దేరే ముందు ఓనరమ్మ దగ్గర నిలబడి అడుగుతుందట.

“ఈ పొద్దు ఏమన్నా తప్పు చేస్తినా అమ్మా?”