శనివారం తలస్నానం

మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఇల్లందులో బొగ్గు బాయిలోకి దిగిన మనిషి. చీకటి గురించి, చచ్చిపోయినవాళ్ళ గురించి మా ఇంట్లో ఎవరూ కథలు చెప్పేవాళ్ళు కాదు. ఆదివారం చర్చి, మిగతా రోజులు డ్యూటీ. దయ్యం అని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. నేను ఎవరినీ చూడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మూడేళ్ళ కింద మా ఆయన ప్రభాకర్‌కు సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనికి ట్రాన్స్‌ఫర్ అయ్యింది. డంపర్ నడుపుతాడు. నాకూ అక్కడే ఒక ప్రైవేటు బడిలో టీచర్ ఉద్యోగం దొరికింది. టౌనుకు ఆనుకొని ఉన్న ఒక పాత ఊళ్ళో కిరాయికి దిగాం. ఆ ఊరి పేరు రాయను.

బాగా ఉన్నవాళ్ళ ఊరు. చుట్టూ పామాయిల్, మామిడి తోటలు. వందేళ్ళ నాటి రాతి గోడల ఇళ్ళు, లోపల టేకు స్తంభాలు, బయట కొత్త కార్లు, ప్రతి గేటుకూ సీసీ కెమెరా. మధ్యాహ్నం రెండు దాటితే వీధిలో ఒక్క మనిషి కనిపించడు. ఏసీల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు.

నేను కార్మికుల క్వార్టర్లలో పెరిగినదాన్ని. అక్కడ పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి. ఇక్కడ పక్కింటివాళ్ళ పేరు తెలియడానికే నెల పట్టింది. మర్యాదకు మాత్రం లోటు లేదు. కారు అద్దం దించి "బాగున్నారా టీచర్ గారూ" అని పలకరించి వెళ్ళిపోయేవాళ్ళు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగరు, ఏమీ చెప్పరు. నిజం చెప్పాలంటే నాకది నచ్చింది.

మా ఓనరు వరలక్ష్మి గారికి యాభై ఏళ్ళుంటాయి. ముందున్న పెద్ద ఇంట్లో వాళ్ళు, వెనక వాటాలో మేము. మా పడకగదికి ఒకటే తలుపు. అది ముందు గదిలోకి తెరుచుకుంటుంది. ఇనుప ఊచల కిటికీ ఒకటి. అందులోంచి చూస్తే పెరట్లో పాత నీళ్ళ బాయి. దాన్ని సిమెంటు పలకతో మూసేసి, పైన పూలకుండీలు పెట్టారు.

మా పాప కెజియాకు అప్పుడు ఐదేళ్ళు. శనివారం నాకూ తనకూ ఒంటిపూట బడి. అలాంటి ఒక శనివారం అన్నం తిని పాప పడకగదిలో నిద్రపోయింది. నేను ముందు గదిలో, తలుపుకు ఎదురుగానే కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. బయటి తలుపు గడియ వేసే ఉంది.

నాలుగింటికి పాప కళ్ళు నులుముకుంటూ వచ్చింది. తల తడిగా ఉంది. కుంకుడుకాయల వాసన గుప్పుమంది. జుట్టంతా వెనక్కి దువ్వి, తెల్లగుడ్డ పేలికతో ముడి వేసి ఉంది.

"ఎవరు పోసిండ్రే తలకు?" అన్నాను.

"అవ్వ" అంది.

ఓనరు వాళ్ళ ఇంట్లో ఎవరో ముచ్చటపడి పోశారేమో, నాకు కునుకు పట్టిందేమో అనుకున్నాను. పేలిక తీసుకొని వరలక్ష్మి గారికి చూపించాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "మా ఇంట్లో కుంకుడుకాయలు వాడరమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి శనివారం పాప మంచం పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాను. కుక్కర్ కూత పెడితే స్టవ్ ఆపడానికి లేచాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగి వచ్చేసరికి పాప నిద్రలోనే ఉంది, తల తడిసి ఉంది. దిండు తడిమి చూశాను. పొడిగా ఉంది. దుప్పటి పొడి, నేల పొడి.

ప్రభాకర్ డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. "నువ్వే పోసి మరిచినవేమో. నిద్ర సాల్తలేదు నీకు" అన్నాడు. ఖమ్మం తీసుకుపోయి డాక్టరుకు చూపిస్తానన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా మీద నాకే అనుమానం మొదలైంది. రెండు రోజులు నేను చేసిన ప్రతి పనీ కాగితం మీద రాసుకున్నాను.

బుధవారం పొద్దున జడ వేస్తుంటే పాప దానంతటదే చెప్పింది. "అమ్మా, శనివారం అవ్వ నన్ను బాయి కాడికి తోల్కపోతదంట."

అక్కడ బాయి ఉందని మేము పాపకు ఎప్పుడూ చెప్పలేదు. దానికి అది పూలకుండీల గద్దె, అంతే.

భయంతో పాపను గద్దించాను. పెరట్లో గిన్నెలు తోముతున్న ముత్తమ్మ అది విన్నది. ముత్తమ్మ దమ్మపేట అవతలి అడవి పల్లె నుంచి రోజూ ఆటోలో వచ్చి ఓనరు ఇంట్లో పనిచేసే కోయ ఆమె. చేతులు కడుక్కొని నా దగ్గరికి వచ్చింది.

"పాపను తిట్టకు టీచరమ్మా. అబద్ధం చెప్తలేదు. ఆమె చెడ్డది కాదు. పిల్లలంటే పానం. కానీ తోల్కపోతే మల్ల తెచ్చియ్యదు."

"ఎవరామె?"

"మా అమ్మ కూడా ఈ ఇంట్లనే చేసింది. అమ్మ చెప్పింది గంతే" అని మళ్ళీ గిన్నెల దగ్గరికి పోయింది.

ప్రభాకర్ నమ్మలేదు. కానీ శనివారం సెలవు పెట్టాడు. పాప నిద్రపోగానే మంచం మీద కూర్చొని దాని కుడి చెయ్యి పట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి మనసులో ప్రార్థన చేసుకుంటున్నాను. బయట ఎండ మండిపోతోంది. రెండున్నర అయి ఉంటుంది.

మొదట వాసన వచ్చింది. తర్వాత మా ఇద్దరి కళ్ళ ముందే పాప జుట్టు తడవడం మొదలైంది. ప్రభాకర్ మణికట్టు మీద చుక్కలు పడ్డాయి. వేడినీళ్ళని తర్వాత చెప్పాడు. పాప కళ్ళు తెరవలేదు. ఎడమ చెయ్యి మాత్రం మెల్లగా పైకి లేచింది, ఎవరో పట్టుకొని నడిపించబోతున్నట్టు. కిటికీ వైపు బిగుసుకుపోయింది. ఒళ్ళు మంచం అంచుకు జరిగిపోతోంది.

నేను అరిచాను. ప్రభాకర్ పాపను నడుము దగ్గర పట్టుకొని గుంజాడు. రోజంతా డంపర్ నడిపే మనిషి, రెండు చేతులతో, కాలు గోడకు తన్నిపట్టి గుంజితే గానీ రాలేదు. ఆ తర్వాత పాప ఒంటి మీద ఎంత వెతికినా చిన్న కమిలిన మచ్చ కూడా లేదు.

ఐదింటికల్లా సామాను వ్యానులోకి ఎక్కించాం. మా పెద్దమ్మ వాళ్ళది పెనుబల్లి. ముందు అక్కడికి పోదామనుకున్నాం. ఎప్పుడూ మూసి ఉండే ఆ వీధిలో ఆ పూట ప్రతి బాల్కనీలో మనుషులున్నారు. అందరూ చూస్తున్నారు. ఎందుకు పోతున్నారని ఒక్కరూ అడగలేదు.

వరలక్ష్మి గారు గేటు దాకా వచ్చింది. ఆమెకూ కారణం అక్కర్లేదు. పాప బుగ్గ మీద చెయ్యి వేసి "వెళ్ళొస్తావా తల్లీ" అంది. ముత్తమ్మ ఆమె వెనకే నిలబడి ఉంది.

పాప ముత్తమ్మ వైపు తిరిగి ఏదో చెప్పింది. తెలుగు కాదు, ముత్తమ్మ ఫోన్లో ఇంటివాళ్ళతో మాట్లాడే కోయ భాష. తడుముకోకుండా, పెద్దవాళ్ళు మాట్లాడినట్టు ఒక పూర్తి వాక్యం. ముత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకొని అక్కడే కూలబడింది. ఏమన్నదని ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపిందే తప్ప చెప్పలేదు.

కెజియాకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ ఇల్లు దానికి గుర్తులేదు. ప్రభాకర్ ఆ మాట ఎత్తనివ్వడు. ఏం జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆ వాక్యం మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇప్పుడు నేను చెప్పే క్లాసులో కోయ పిల్లలు నలుగురున్నారు. ఎవరిని అడిగినా అర్థం చెప్తారు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు.