ఇద్రీస్ పెట్టిన పెన్ను స్ప్రింగు

సముద్రాన్ని చూస్తే మనసు విశాలమవుతుందనేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం యారాడ బీచికి వచ్చి, బండి పెట్టుకునే చోటు కోసం జనం కొట్టుకోవడం చూడాలి. ఇద్రీస్‌కి అలాంటి భ్రమల్లేవు. అతను బీచికి వచ్చేది వినడానికి. భార్య రసూల్ బీ చాప పరిచి బిర్యానీ గిన్నె దించేలోపే, చేతిలో ఇమిడే స్కానరు తీసి చెవి దగ్గర పెట్టుకుంటాడు. బోట్లవాళ్ళు వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవి అందులో వినపడతాయి. వినడమే. తిరిగి మాట్లాడ్డానికి అందులో వీల్లేదు.

"ఇంట్లో నా మాట వినవు గానీ, బోటోళ్ళ కబుర్లు వినడానికి కొండెక్కి దిగొస్తావు" అంటుంది రసూల్ బీ.

"ఆ సెట్లు నాను బాగుసేసినవి. ఎలా పలుకుతన్నాయో సూసుకోవద్దా?"

పాత ఊర్లో, ఫిషింగ్ హార్బరుకి పోయే దారిలో అతని కొట్టు. ఇరవై రెండేళ్ళుగా ఉప్పు తిన్న వైర్‌లెస్ సెట్లు విప్పి బిగిస్తున్నాడు. ఇద్రీస్ చెయ్యి పడిన సెట్టు అదే రోగంతో మళ్ళీ రాదని హార్బరంతా అంటారు. బోర్డు మీద రాయించుకోలేదు గానీ అతని ఆస్తి ఆ మాటే. పనిని దైవంగా భావిస్తాడని నేను రాస్తే నవ్వుతాడు. "దైవమేటి? సెట్టు తిరిగొస్తే నాకు తిండి సయించదు, అంతే."

ఆ డిసెంబరు ఆదివారం కూడా మామూలు అబద్ధాలే వినపడుతున్నాయి. వల నిండుతున్నవాడు వైర్‌లెస్‌లో "ఏటీ నేదు బావా, ఉత్త నీళ్ళే" అంటాడు. ఎవరూ నమ్మరు, ఎవరూ తప్పు పట్టరు. సముద్రం మీద అదొక మర్యాద.

ఉన్నట్టుండి స్కానర్లో ఇంజను చప్పుడు మొదలైంది. ఎంతకీ ఆగలేదు. దాని మీదుగా ఒక గొంతు: "ఒరే, అరవకండ్రా! లైట్‌హౌసుకి ఎదరగా ఇరవై బారల లోతులో సందువా సేప పడతందని ఎవడికైనా తెలిస్తే మన గతేటి?"

రసూల్ బీ పకపకా నవ్వింది. ఇద్రీస్ నవ్వలేదు. ఆ గొంతు బోటు డ్రైవర్ కామరాజుది. మాట్లాడాలంటే మైకు బటను నొక్కాలి, వినాలంటే వదలాలి. వదిలినప్పుడు బటన్ని పైకి తోసేది లోపలి స్ప్రింగు. కిందటి నెల కామరాజు సెట్టుకి కంపెనీ స్ప్రింగు దొరక్క, ఇద్రీస్ బాల్ పెన్ను స్ప్రింగు పెట్టాడు. ఇప్పుడది కూలబడింది. సెట్టు తనంతట తాను మాట్లాడుతూనే ఉంది, అలా మాట్లాడుతున్నంతసేపూ దానికి ఏమీ వినపడదు. కాబట్టి పక్క బోట్లవాళ్ళు అరిచి చెప్పినా కామరాజు చెవికి చేరదు.

ఊరుకోవచ్చు. తర్వాత అడిగితే ఉప్పునీరు దిగింది అంటే సరిపోతుంది. హార్బరులో ఆ జవాబుని ఎవరూ కాదనరు.

"బిర్యానీ సల్లారిపోతంది" అంది రసూల్ బీ.

ఇద్రీస్ ఫోను తీసి కామరాజుకి చేశాడు. ఆ ఫోను మోత స్కానర్లో వినపడింది. అప్పుడు గాని అతనికి వెలగలేదు. కామరాజు ఏమన్నా బోట్లన్నీ వింటాయి. ఫోను పెట్టేద్దామని బొటనవేలు కదిలింది. ఈలోగా అవతల ఎత్తాడు.

"ఏటి ఇద్రీస్ భాయ్?"

"కామరాజూ, నీ మైకు బటను దిగబడిపోయింది. నీ మాటలన్నీ అందరూ వింతన్నారు. గోటితో పైకి లాగు. తప్పు నాదే. పెన్ను స్ప్రింగెట్టాను."

"ఏటీ, పెన్ను స్ప్రింగా!"

ఆ కేక ఫోన్లో ఒకసారి, స్కానర్లో ఒకసారి వినపడింది. తర్వాత ఇద్రీస్ వినలేకపోయిన నాలుగు మాటలు. ఆ తర్వాత టక్కుమని నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోకి బోట్లన్నీ ఒక్కసారి దూరాయి.

"సందువాలకి థాంక్స్ కామరాజు బావా, వచ్చేత్తన్నాం!"

"ఇద్రీస్ భాయ్ నా సెట్టులో ఏ పెన్నెట్టేడో, రెడ్డో బ్లూవో!"

ఇద్రీస్ స్కానరు కట్టేశాడు. బిర్యానీ ముట్టుకోలేదు.

మర్నాడు ఆటోనగర్‌లో స్టీలు స్ప్రింగు చుట్టించాడు. మూడో రోజు కామరాజు మైకు తెచ్చి బల్ల మీద పడేశాడు. అదే రోగంతో తిరిగొచ్చిన మొదటి సెట్టు. ఇద్రీస్ కొత్త స్ప్రింగు బిగించి, బటను నొక్కుతూ వదులుతూ పావుగంట కూర్చున్నాడు. టీ తెప్పిస్తే కామరాజు తాగలేదు.

పై ఆదివారం మళ్ళీ యారాడ. స్కానరు సంచిలోనే ఉంచాడు. రసూల్ బీయే తీసి ఆన్ చేసింది. ఎవరో కొత్త గొంతు, గరగరలాడుతూ, తన సెట్టు బాగోలేదని, ఎక్కడ ఇవ్వాలని అడుగుతోంది.

"పాత ఊర్లో ఇద్రీస్ భాయ్ కాడ ఇయ్యి" అన్నాడు కామరాజు.

"గేరంటీ ఉంటాదా?"

"గేరంటీ ఏటి నీ మొకం! పాడైతే ఆడే ఫోన్ సేసి సెప్తాడు."

రసూల్ బీ గిన్నె మూత తీసింది. ఇద్రీస్ కంచం ముందుకి జరిపాడు.