మాస్టారు చూపిస్తానన్న లోయ

మాస్టారు పోయారన్న కబురు నాకు ఒక మంగళవారం పొద్దున్న, ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు ఆపుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆయన భార్య. ఆవిడని నేను అక్కా అని పిలుస్తాను. "ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా," అంది. నేను "ఎవరక్కా?" అని అడిగాను.

తెలివితక్కువ ప్రశ్నే. కానీ మొన్న ఆదివారమే ఆయన చర్చిలో నా పక్కన నిలబడి పాట పాడారు. "మొహం అలా వాడిపోయిందేంటి మాస్టారూ?" అంటే, "ఎండలమ్మాయ్, ఎండలు," అన్నారు. ఎడారి ఊరు మా చాండ్లర్‌లో మే నెలలో ఎవరైనా ఆ మాటే అంటారు. నేను నమ్మేశాను.

"ఆయనకి మూడేళ్ళుగా బ్లడ్ క్యాన్సర్," అంది అక్క. "ఆదివారం సాయంత్రం జ్వరం వచ్చింది. ఇన్ఫెక్షన్. రెండు రోజులు కూడా తట్టుకోలేకపోయారు. ఇక్కడ ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారమ్మా."

పదకొండేళ్ళుగా ఆయనది మా పక్కిల్లు. మధ్యలో గోడ కూడా సరిగ్గా లేదు. మా ఇంట్లో కుక్కర్ విజిల్ ఎన్నిసార్లు వచ్చిందో ఆయన అక్కణ్ణుంచి చెప్పేవారు. అలాంటి మనిషి మూడేళ్ళు మాకు చెప్పలేదు. నాకు మొదట ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అది పూర్తిగా పోలేదు. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

మీకు ఆయన తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. మాస్టారు బాపట్ల దగ్గర ఒక మిషన్ హైస్కూల్లో పద్నాలుగేళ్ళు జాగ్రఫీ చెప్పారు. అక్క నర్సు. ఆవిడకి ఇక్కడ ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాలే వచ్చారు. వచ్చాక ఆయన చదువు ఇక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. కొన్నాళ్ళు ఒక స్టోర్‌లో పెట్టెలు సర్దారు. తర్వాత లైసెన్స్ తెచ్చుకుని స్కూల్ బస్సు డ్రైవర్ అయ్యారు. ఆ మాట ఎవరికైనా చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించడం నేనెప్పుడూ చూడలేదు. "అప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టి ప్రపంచమంతా తిప్పాను. ఇప్పుడు నిజంగానే తిప్పుతున్నాను," అనేవారు.

చొక్కా జేబులో కాగితం మ్యాప్ ఒకటి ఎప్పుడూ ఉండేది, రబ్బర్ బ్యాండ్ వేసి. ఫోన్‌లో దారి వస్తుంది కదా మాస్టారూ అంటే, "అది మలుపు చెప్తుందమ్మా, మనం ఎక్కడున్నామో చెప్పదు," అనేవారు. సాయంత్రం వాకింగ్‌కి కూడా బస్సు డ్యూటీలో వేసుకునే పచ్చ చొక్కానే వేసుకునేవారు. అవతలి వీధి మలుపు తిరుగుతుండగానే ఆయనేనని తెలిసిపోయేది. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, చర్చి వెనకాల ఖాళీ పార్కింగ్‌లో. నేను భయపడి బ్రేక్ తొక్కినప్పుడల్లా అరవకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏం పర్లేదు, ఇక్కడ మనమిద్దరమే ఉన్నాం," అనేవారు. ఇవాళ ఫ్రీవే మీద నేను ధైర్యంగా లేన్ మారుతున్నానంటే అది ఆయన చలవే.

ఇక అసలు సంగతి. మా అమ్మాయి ఫోర్త్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు స్కూల్లో గ్రాండ్ కేన్యన్ మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. మా ఇంటి నుంచి నాలుగు గంటల దారి. మేమింకా చూడలేదు. మాస్టారు ఆ సాయంత్రం మా డ్రైవ్‌వేలో మోకాళ్ళ మీద కూర్చుని, సుద్దముక్కతో గరాజ్ తలుపు దగ్గర్నుంచి రోడ్డు దాకా ఆ లోయ గీశారు. నది ఎక్కడ మొదలైంది, ఏ రాయి ముందు పుట్టింది, ఏది తర్వాత వచ్చి చేరింది, అన్నీ చెప్పారు. పిల్ల నోరు తెరుచుకుని విన్నది. "నువ్వు చూశావా అంకుల్?" అని అడిగింది.

"లేదమ్మా. పద్నాలుగేళ్ళు బోర్డు మీద గీశాను, చూడలేదు."

"మరి వెళ్దాం!"

"వెళ్దాం. కానీ ఒక షరతు. అందరం కలిసే వెళ్ళాలి. నేను పక్కన ఉండి చూపిస్తేనే అది కేన్యన్. మీరొక్కరే వెళ్తే పెద్ద గొయ్యి చూసి వస్తారు."

అందరం నవ్వాం. అదే మా మధ్య ఒప్పందం అయిపోయింది. మా చర్చిలో ఇంకో రెండు కుటుంబాలు కూడా మాతో వస్తామన్నాయి. అందరి నోటా ఒకటే మాట, మాస్టారితో కేన్యన్‌కి. 

ఆ మార్చిలో ఫ్లాగ్‌స్టాఫ్‌లో చర్చి రిట్రీట్, అంటే ప్రార్థన శిబిరం, జరిగింది. అక్కణ్ణుంచి కేన్యన్ గంటన్నర. ఆఖరి రోజు మంచు పడింది. మాస్టారు పొద్దున్నే బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చి, ఇవాళ వెళ్తే తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనబడదన్నారు. నిజమే అయ్యుంటుంది. వెనక్కి వచ్చేశాం. తర్వాత నా వీసా పనులు, అక్క వీకెండ్ డ్యూటీలు. ఆ తర్వాత మహమ్మారి వచ్చి రెండేళ్ళు ఎవరమూ ఎక్కడికీ కదల్లేదు. పిల్ల మిడిల్ స్కూల్ దాటింది. అడగడం తగ్గించింది. నేనే అడుగుతుండేదాన్ని, "ఎప్పుడు వెళ్దాం మాస్టారూ?" అని. ఆయన జేబులో మ్యాప్ తట్టి చూపించి, "నా దగ్గరే ఉందిగా," అనేవారు.

ఒక క్రిస్మస్ సెలవుల్లో చిన్నపిల్లలకి రైలు ఎక్కిద్దామని చర్చి వ్యాన్‌లో విలియమ్స్ అనే ఊరు వెళ్ళాం. అక్కడికి కేన్యన్ గంట దూరం. ఆకాశంలో మబ్బు తునక లేదు. మధ్యాహ్నం గ్యాస్ స్టేషన్ దగ్గర వ్యాన్ ఆపి, మాస్టారు స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. "వెళ్దామా మాస్టారూ?" అన్నాను. "ఈసారికి వద్దమ్మాయ్. రేపు సోమవారం, నాకు బస్సు ఉంది."

వెనక సీట్లోంచి మా అమ్మాయి, "స్కూల్ లేదు కదా అంకుల్? క్రిస్మస్ బ్రేక్!" అంది.

ఆయన ఒక్క క్షణం తడబడి, "బస్సుకి సర్వీసింగ్ ఉంటుందమ్మా," అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

రెండేళ్ళ కిందట వేసవిలో ఇక లాభం లేదని మేము ముగ్గురమే వెళ్దామని రూమ్ బుక్ చేసుకున్నాం. ఆ శుక్రవారం సాయంత్రం కూలర్‌లో నీళ్ళ సీసాలు సర్దుతుంటే మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సంగతి తెలిసి ఒక్కటే అన్నారు. "నేను లేకుండానా?"

అరవలేదు, అలగలేదు. మెల్లగా అన్నారు, అంతే. నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన ఫోన్ తీసి బుకింగ్ క్యాన్సిల్ చేశారు. మా అమ్మాయి బ్యాగ్ తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. "అక్టోబర్‌లో తప్పకుండా," అని మాస్టారు దాని తలుపు వైపు చూస్తూ చెప్పారు. అక్టోబర్‌లో వెళ్ళలేదు.

అంత్యక్రియలు అయ్యాక, జ్ఞాపకార్థ కూడిక కోసం ఫొటోలు ఏరమని అక్క తన ఫోన్ నా చేతికి ఇచ్చింది. "నా వల్ల కాదు, నువ్వే చూడు," అని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వాళ్ళ సోఫాలో కూర్చుని ఒక్కొక్కటీ జరుపుతున్నాను. పుట్టినరోజులు, బాప్తిస్మాలు, బస్సు ముందు పచ్చ చొక్కాలో మాస్టారు. ఆ తర్వాత ఒక ఫొటోలో ఎర్రటి కొండలు. ఇనప కమ్మీ. కమ్మీకి ఆనుకుని వెనక్కి తిరిగి నిలబడ్డ మాస్టారు.

ఇంకా జరిపాను. మంచులో ఒకటి. ఎండలో ఒకటి. రాతి బెంచీ మీద కూర్చుని ఒకటి. ఆ ఎండ ఫొటో మీద తేదీ చూశాను. మేము కూలర్ సర్దుకున్న శుక్రవారానికి సరిగ్గా మూడు వారాల ముందు.

అక్క టీ తెచ్చేసరికి ఫోన్ అలాగే పట్టుకుని ఉన్నాను. "మాస్టారు వెళ్ళారా అక్కా?"

అక్క కప్పులు బల్ల మీద పెట్టి నా పక్కన కూర్చుంది. "నాలుగుసార్లు. నేనే డ్రైవ్ చేశాను."

"మమ్మల్ని ఆపి."

"అవునమ్మా. మిమ్మల్ని ఆపి."

ఆవిడ బుకాయించలేదు. అందుకు ఆవిడకి నేను రుణపడి ఉంటాను. మెల్లగా చెప్పుకొచ్చింది. జబ్బు బయటపడ్డాక మొదటి నెలలోనే తీసుకెళ్ళమన్నారట. అంచు దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత ఏడ్చారట. "పద్నాలుగేళ్ళు పిల్లలకి తప్పు చెప్పాను. బోర్డు మీద జానెడు గీసి ఇదే అన్నాను," అన్నారట. విలియమ్స్ నుంచి వచ్చిన మర్నాడు సోమవారం బస్సు లేదు, సర్వీసింగూ లేదు. ట్రీట్‌మెంట్ ఉంది.

"సరే అక్కా, జబ్బు చెప్పలేదు, అది ఆయన ఇష్టం. కానీ మీరు వెళ్ళండి, నేను రాలేను అని ఒక్క మాట అనొచ్చు కదా. మా పిల్ల తొమ్మిదేళ్ళప్పుడు అడిగింది. ఇప్పుడు దానికి పద్దెనిమిది."

అక్క తన కప్పు పక్కకి జరిపింది. "నేనూ అదే అన్నాను ఆయనతో. దెబ్బలాడాను కూడా. ఏమన్నారో తెలుసా? డాక్టర్లు, మా అబ్బాయి, ఇండియాలో మా వాళ్ళు, తెలిసినవాళ్ళందరూ ఒంట్లో ఎలా ఉందనే అడుగుతారు. ఆ అమ్మాయి, అంటే నువ్వు, ఒక్కతే ఎప్పుడు వెళ్దాం అని అడుగుతుంది. వెళ్ళొచ్చేస్తే ఇంకేం అడుగుతుంది, అన్నారు."

టీ చల్లారిపోయింది.

ఇంటికి వచ్చి మా అమ్మాయికి చెప్పాను. అది మంచం మీద కాళ్ళు ముడుచుకుని విన్నది. "సో, మాస్టర్ అంకుల్ లై చేశాడు."

"భయపడ్డారే."

"రెండూ చేశాడు అమ్మా." అని ఫోన్ పక్కన పెట్టింది. "నేను ఆయన్ని చాలా నమ్మాను. ఫోర్త్ గ్రేడ్‌లో క్లాస్ అందరికీ చెప్పాను, మా అంకుల్ తీసుకెళ్తాడు అని."

ఆయన్ని వెనకేసుకు రావాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పిల్ల చెప్పింది నిజం. ఒక మనిషి తన బతుకు మీద ఆశ నిలబెట్టుకోవడానికి మా ఎదురుచూపు వాడుకున్నాడు. ముందే అడిగి ఉంటే సంతోషంగా ఇచ్చేదాన్ని. ఎన్నేళ్ళైనా ఆగేదాన్ని. అడక్కుండా తీసుకున్నారు, అదే నాకు మింగుడుపడదు. నా తప్పూ ఉంది. నాకు కారుంది, లైసెన్స్ ఉంది, నాలుగు గంటల దారి. తొమ్మిదేళ్ళు ఇంకొకరి జేబులో ఉన్న మ్యాప్ చూసి ఊరుకున్నాను.

కూడికలో ఆ నాలుగు ఫొటోలూ పెట్టలేదు. మిగతా రెండు కుటుంబాలూ ఇంకా మాస్టారితో వెళ్ళాల్సిందని చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటుంటే నేను నోరు మెదపలేదు. దాచడం నాకూ వచ్చేసింది.

జూన్‌లో ఒక శనివారం, అమ్మాయి కాలేజీకి వెళ్ళేలోపు, వెళ్ళాం. అక్కని కూడా రమ్మన్నాను. వస్తుందనుకోలేదు, వచ్చింది. దారంతా నేనే నడిపాను. పార్కింగ్ దగ్గర్నుంచి నడిచి, పైన్ చెట్లు దాటగానే, ఏ హెచ్చరికా లేకుండా కాళ్ళ ముందు నేల అయిపోయింది.

గొయ్యి కాదు అది. ఏమిటో నాకు చెప్పడం రాదు. ఆయన ఉంటే చెప్పేవారని ఒక్కసారి అనిపించి, ఆయన కూడా ఇక్కడ నోరు తెరవలేదని గుర్తొచ్చింది. అప్పుడు ఏడిచాను, మే నెలలో ఏడవనిదంతా. కోపంతోనో బెంగతోనో తెలియలేదు. అక్క నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. నిమరలేదు, ఓదార్చలేదు, ఊరికే ఉంచింది.

మా అమ్మాయి కమ్మీ దగ్గర నిలబడి కిందికి చూస్తోంది. "అమ్మా, అవి చూడు," అంది. చాలా కింద, గోడ పక్కన సన్నటి దారిలో కంచరగాడిదలు వరసగా దిగుతున్నాయి. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క మనిషి, వేలి గోరంత. మేము నలుగురం వాటినే చూస్తూ నిలబడ్డాం. ఒకటి తర్వాత ఒకటి మలుపు తిరిగి రాతి వెనక్కి వెళ్ళిపోయాయి. ఆఖరిది కూడా వెళ్ళిపోయాక, అవి లేపిన ఎర్రటి దుమ్ము ఆ మలుపు దగ్గర, గాలి లేని ఎండలో, కిందికి దిగకుండా చాలాసేపు అలాగే నిలిచి ఉంది.