లేబర్ ఆఫీసుకు తాళం

రాజీనామా రాసివ్వమన్నారు. రాయనన్నాను. పదకొండేళ్ళు పనిచేసిన కంపెనీతో నా తగాదా అంతా అక్కడే మొదలైంది.

హైటెక్ సిటీలోని ఆ కంపెనీలో ఉద్యోగులకు క్యాబులు పంపే డెస్కు నాది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. బంద్ అంటే బండి కదిలేది కాదు. మూడు బంద్‌లకు నేను కూకట్‌పల్లిలో ఇంట్లోనే ఉండిపోయాను. ఊరందరికీ క్యాబులు పంపేదానికే క్యాబు దొరకలేదు. ఆ మూడు రోజులూ చెప్పకుండా మానేశానన్నారు.

హెచ్.ఆర్. గదిలో మేనేజరు టైపు చేసిన కాగితం నా ముందుకు జరిపాడు.

"వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నట్టు సంతకం పెట్టేయండి మేడమ్. రికార్డు నీటుగా ఉంటుందండీ."

"ఎవరి రికార్డు?"

"మీదేనండీ. రేపు ఇంకోచోట ఉద్యోగం వెతుక్కోవద్దా?"

"నాకు వ్యక్తిగత కారణమేదీ లేదు. తీసేసేది మీరు. తీసేస్తున్నామని మీరే రాసివ్వండి."

"ఇంత గొడవ ఎందుకండీ ఇప్పుడు?"

"ఇన్నేళ్ళూ గొడవ చెయ్యకుండా ఉన్నానా ఏంటి?"

అతనికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. సంతకం పెడితే నా అంతట నేనే వెళ్ళిపోయినట్టు. ఆ తర్వాత అన్యాయమని ఎవరికి చెప్పుకోను? నాలుగు రోజులు తిప్పించుకుని, తొలగించినట్టు ఉత్తరం ఇచ్చారు. అందులో నా పేరు తప్పు రాశారు. అదీ దిద్దించుకునే బయటికొచ్చాను.

లేబర్ ఆఫీసులో అప్పీలు పెట్టుకోవచ్చనీ, దానికి గడువుందనీ, అది దాటితే ఎంత న్యాయమున్నా వినరనీ తెలిసిన వకీలు చెప్పాడు. అప్పీలు రాయడానికే నాకు వారాలు పట్టింది. కోపమంతా అందులో పోసి, చదువుకుని, కొట్టేసి, మళ్ళీ రాశాను. తీరా తీసుకెళ్తే ఆఫీసుకు తాళం. ప్రభుత్వ ఉద్యోగులు తెలంగాణ కోసం సమ్మెలో ఉన్నారు. నా గడువు ఇంకా ఆరు రోజులే.

గేటు పక్కన టెంటులో ఆ ఆఫీసువాళ్ళే కూర్చుని ఉన్నారు. ఒక గుమాస్తా నా కాగితాలు తిరగేశాడు.

"సమ్మె అయినంక రా అక్కా."

"ఎప్పుడైతది?"

"తెలంగాణ ఇచ్చినంక."

"అందాక నా గడువు ఆగుతదా? జర అందినట్టు ముద్ర కొట్టన్నా, రెండు నిమిషాల పని."

"తాళం తీస్తే వీళ్ళు నన్ను బతకనిస్తరా? అది సరే గని, నిన్నెందుకు తీసేసిండ్రు?"

"బంద్ నాడు పోలేదని."

టెంటంతా ఒకటే నవ్వు. "అరే, మనక్కే! కూసో, చాయ్ తాగు."

"చాయ్ కాదు, ముద్ర గావాలె. మీ బంద్‌కు నౌకరీ పాయె. మీ సమ్మెకు కేసు గూడ పోవాల్నా?"

గుమాస్తానే లేచి దగ్గరికొచ్చాడు.

"పోస్టాఫీసు సమ్మెల లేదక్కా, అది ఢిల్లీ సర్కారుది. రిజిస్టర్ పోస్టు చెయ్యి. రసీదు మీద తారీఖుంటది, పారేసుకోకు."

తెలంగాణ రావాలని నేనూ కోరుకున్నదాన్నే. ఆ రోజు మాత్రం ఢిల్లీ సర్కారు కౌంటరు తెరిచి ఉన్నందుకు ఊపిరి పీల్చుకున్నాను.

సమ్మె ముగిశాక విచారణకు పిలిచారు. అప్పీలు గడువు దాటాకే ఆఫీసులో నమోదైందని కంపెనీ వకీలు మొట్టమొదటే లేచి చెప్పాడు. నేను రసీదు తీసి అధికారి ముందు పెట్టాను. సిరా వెలిసిపోతోంది కానీ తారీఖు తెలుస్తోంది.

"ఆ రోజు మీ ఆఫీసుకు తాళం ఉంది సార్. వేసింది నేను కాదు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని రసీదును చాలాసేపు చూశాడు. అప్పీలు గడువులోపలే పంపినట్టు ఫైల్లో రాశాడు.

గెలవలేదు. వింటామన్నారు, అంతే. గుమాస్తా బయటికొచ్చి వాయిదా తారీఖు చీటీ మీద రాసిచ్చాడు. రెండు నెలల తర్వాతట. బస్టాపులో కాళ్ళు లాగుతుంటే, ఆ రోజు సంతకం పెట్టేసి ఉంటే ఈపాటికి ఇంట్లో పడుకుని ఉండేదాన్ని కదా అనిపించింది. చీటీని రసీదుకు పిన్ను పెట్టి పర్సులో దాచుకున్నాను.